‘ఎఫల్జ్’ అను మాటయు, మన ఇంటి వెలుగు మాటలును

గడచిన కార్తిక మాసమున నొకనాటి సాయంకాలము మా మనుమడు బడి పుస్తకమును చేతబట్టుకొని మా కడకు వచ్చి, “తాతా, ఈ మాటను తెలుగులో ఎట్ల చెప్పేది?” అని యడిగెను. వాడు వ్రేలు పెట్టి చూపినది ‘ఎఫల్జెంట్’ అను ఆంగ్లపదము. ప్రకాశమానమనియు, తేజోవంతమనియు, దేదీప్యమానమనియు మేము మూడు మాటలు చెప్పితిమి. వానికి తృప్తి కలుగలేదు. “అది ఎట్లుంటుందో చెప్పినారు. అది చేసే పనికి మాటేది?” అనెను. మేము సంతోషించి, ఆంగ్లమున దానికి ‘ఎఫల్జ్’ అను క్రియ కలదనియు, తెలుగున తేజరిల్లు, రాజిల్లు, భాసిల్లు, శోభిల్లు, వెలుగు, మెఱయు మొదలగు క్రియలు కలవనియు వ్రేళ్లు మడచుచు లెక్క చెప్పితిమి. వాడంతయు విని, “వీటిలో మన ఇంట్లో చెప్పేది ఏది తాతా?” అని మరల నడిగెను.

మేము బదులు చెప్పజాలకపోతిమి. ఏలయనగా, ఆ ఉదయముననే మా కోడలు దీపపు కుందులను తోమి పెట్టగా ఇంటివారందరును “బాగా షైన్ అవుతా ఉంది” అని మెచ్చుకొనియుండిరి. అట్లు మెచ్చుకొన్నవారిలో మేమును ఒకరము.

ఆ పసివాని ప్రశ్నకు బదులుగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. మేము పండితులము గాము. పాత పద్ధతిని పదునొకండు తరగతులు చదివి, గుమాస్తా పనిలో చేరి, ఫైళ్లతోను టైపు యంత్రముతోను కాలము గడిపి, విశ్రాంతి పుచ్చుకొని, కుశస్థలి యేటి యొడ్డున నున్న ఈ తామరైపాక్కములో దినములు వెళ్లబుచ్చుచున్నవారము. నిఘంటువులు తిరుగవేయుట మాత్రము మాకు చిన్ననాటి నుండియు వ్యసనము. ఆ వ్యసనమువలన దెలిసిన సంగతులను సంఘసభ్యుల ముందుంచుచున్నాము. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

ఒక వీడ్కోలు పత్రము

సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన కచ్చేరిలో నొక అధికారికి వీడ్కోలు సభ జరిగెను. సన్మానపత్రమును ఆంగ్లమున వ్రాసి టైపుచేయు పని మాకు వచ్చెను. అప్పుడు మాకు ఆంగ్లము వచ్చునను గర్వము మెండు. ‘తమ కీర్తి యెల్లెడల ప్రకాశించు గాక’ అను భావమునకు ‘షైన్’ అని వ్రాయుట చులకనగా దోచి, ‘ఎఫల్జ్’ అని వ్రాసితిమి. మా పై యుద్యోగి ఆ కాగితమును చదివి, ఎఱ్ఱసిరాతో ఆ మాటను కొట్టివేసి, దానిపైన ‘షైన్’ అని దిద్దెను. మేము ఊరకుండక నిఘంటువును దెచ్చి చూపితిమి. ఆయన ఆ పుటను జూచి, నవ్వి, ‘పుస్తకములో నున్నది సరియే, నోట నున్నదా?’ అని తమిళమున నడిగెను.

ఆనాడు మాకు కోపము వచ్చెను. నేడు తలపోసి చూడగా, ఆయన యడిగిన ప్రశ్నయు మా మనుమడు అడిగిన ప్రశ్నయు ఒక్కటియే యని తోచుచున్నది. ఆయన ఆంగ్లమును గూర్చి యడిగెను. వీడు తెలుగును గూర్చి యడిగెను.

ఆ మాట పుట్టుక

‘ఎఫల్జ్’ అనునది లాటిను భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. లాటినున ‘ఫుల్గేరె’ అనగా మెఱయుట, ప్రకాశించుట. ‘ఫుల్గుర్’ అనగా మెఱుపు. దీనికి ముందు ‘వెలుపలికి’ అని యర్థమిచ్చు ‘ఎక్స్’ అను ఉపసర్గ చేరి, ఫకారము తగులుటచే ‘ఎఫ్’గా మారినది. కావున ఈ క్రియకు సరియైన యర్థము ‘లోపలి వెలుగును వెలుపలికి చిమ్ముట’ అని చెప్పవలెను. తనలో వెలుగు గలది మాత్రమే ఈ పని చేయగలదు. సూర్యుడు చేయును. మహాత్ముని ముఖము చేయునని కవులందురు. తోమిన చెంబు చేయదు, అది ఎండను తిరిగి పంపునంతే. ఈ భేదము తెలియక మేము ఆ అధికారి కీర్తికి ఈ మాటను తగిలించితిమి. అర్థమును బట్టి తప్పుగాదు గాని, వాడుకను బట్టి వింతయే.

ఆంగ్లేయుల ఇంటి మాటలు వేఱు. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్, గ్లిమ్మర్, గ్లిజన్, గ్లింట్ అని ‘గ్ల’ అను సంయుక్తాక్షరముతో మొదలగు మాటలు వారికి గంపెడు కలవు. నిప్పు కణిక వెలుగునకు ఒకటి, తడిసిన యాకు మెఱుపునకు ఒకటి, దూరపు దీపము మినుకునకు ఒకటి యని వారు వాడుదురు. ఇవి వారి సొంత జర్మానిక్ భాషాకుటుంబపు మాటలు. వీనిలో ‘గ్లిస్టర్’ అను నొక మాట యుండెను. మెఱయునదెల్ల బంగారము గాదను సామెతను షేక్స్పియరు ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ నాటకమున ఈ మాటతోనే చెప్పెను. నేడు ఆ సామెతను జెప్పువారు ‘గ్లిస్టర్’ను విడిచి ‘గ్లిట్టర్’ అనుచున్నారు. అంతటి మహాకవి వాడిన మాటయే జనుల నోట నిలువలేదన్నచో, ‘ఎఫల్జ్’ సంగతి చెప్పనేల?

మిల్టను మహాకవి 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యమున ‘ఎఫల్జెన్స్’ అను నామవాచకమును వాడెను. క్రియారూపము 18వ శతాబ్దపు కవిత్వమున నక్కడక్కడ కనబడును. ఆ మీద అది నిఘంటువులకే పరిమితమైనది. దాని విశేషణమైన ‘ఎఫల్జెంట్’, నామవాచకమైన ‘ఎఫల్జెన్స్’ మాత్రము ప్రసంగములందును, పొగడ్తలందును, పద్యములందును నేటికిని బ్రతికియున్నవి. లాటినున క్రియయే తల్లి. ఆంగ్లమున తల్లికి చోటు దొరకక బిడ్డలు మాత్రము నిలిచిరి. కారణము స్పష్టము. అలంకారమునకు నామము, విశేషణము చాలును. క్రియకు పని కావలెను. వెలుగుటయను పనిని ‘షైన్’ అను పొట్టి మాట ఇంటను వీధిని కచ్చేరిలోను చక్కగా నెరవేర్చుచుండగా, దొరబాబు వంటి ‘ఎఫల్జ్’ను పిలుచువారెవరు?

ఇచ్చట మనవారికి సంతోషము గలిగించు సంగతి యొకటి కలదు. లాటిను ‘ఫుల్గుర్’కును, వేదమున తేజస్సను అర్థముగల ‘భర్గస్’ అను మాటకును మూల మొక్కటియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గాయత్రిని జపించువారు దినమును పలుకు మాట యది. అట్లే ఆంగ్లమునందలి ‘బ్రైట్’ అను సాధారణమైన మాటయు సంస్కృతమునందలి ‘భ్రాజ్’ అను ధాతువును చుట్టములట. మేము సన్మానపత్రమున గొప్పకు వ్రాసిన మాట యొక్క జ్ఞాతి మా తండ్రిగారి సంధ్యావందనములో ముందే యుండెను. అది మాకు నాడు తెలియదు.

మన వెలుగు మాటలు

ఇక మన తెలుగును చూతము. ప్రకాశించుటకు మనకు గల క్రియలను మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటి తెగ అచ్చతెలుగు మాటలు. వెలుగు, మెఱయు, మినుకు, మించు, నెగడు మొదలగునవి. దీపము వెలుగును. మబ్బు మెఱయును. నక్షత్రము మినుకుమినుకుమనును. ‘నెగడు’ అనగా ప్రసిద్ధి కెక్కుట, వృద్ధి పొందుట. చలికాలమున నలుగురును చుట్టు చేరి కాచుకొను మంటకును నెగడు అనియే పేరు. భోగినాడు మన వీధులలో వేయు మంటను జూచినప్పుడైన ఈ మాట జ్ఞప్తికి రావలెను.

రెండవ తెగ ధ్వన్యనుకరణములు. తళతళ, మిలమిల, నిగనిగ, ధగధగ, జిగజిగ. వీనికి ‘లాడు’ అను తోక తగిలింపగా క్రియలగును. వీనిలో నొకదాని బదులు మఱియొకటి చెల్లదు. నూనె రాచిన జుట్టు నిగనిగలాడును గాని ధగధగలాడదు. నగ ధగధగలాడును గాని నేరేడుపండు ధగధగలాడదు, నిగనిగలాడును. తోమిన ఇత్తడి తళతళలాడును. ఈ భేదములను ఏ వ్యాకరణమును మనకు నేర్పలేదు. తల్లుల నోట విని నేర్చితిమి. మా తల్లిగారు శుక్రవారమునాడు చింతపండుతో చెంబులు తోమి ఎండలో బోర్లించి, “తళతళమంటా ఉండాయి చూడు” అనెడివారు. సాయంకాలము ఉత్తరపు దిక్కున మబ్బు పట్టినప్పుడు, “మెరుస్తా ఉండాది, దూడను లోపల కట్టేయండ్రా” అని కేక వేసెడివారు. ఆమెకు చదువు రాదు. మాటల తూకము మాత్రము తెలియును.

మూడవ తెగ సంస్కృతమునుండి తెచ్చుకొని మన పెద్దలు తెలుగు చేసికొన్నవి. ప్రకాశించు, దీపించు, జ్వలించు మొదలైనవి ‘ఇంచు’ చేరినవి. రాజిల్లు, భాసిల్లు, శోభిల్లు, విలసిల్లు, తేజరిల్లు అనునవి ‘ఇల్లు’ చేరినవి. ఈ రెండవ రకము మాకు మిక్కిలి ప్రియమైనది. వచ్చిన పరాయి మాటకు మనవారు ‘ఇల్లు’ ఇచ్చి కాపురము పెట్టించినట్లున్నది! నేడు రాజిల్లు, భాసిల్లు అనునవి పరాయివని యెవ్వరు ననుకొనరు. ‘వర్ధిల్లు’ అనునదియు ఈ తెగలోనిదే. పిల్లలు కాళ్లకు మ్రొక్కినప్పుడు నేటికిని మన ఇండ్లలో ఆ దీవెన వినబడుచున్నది.

‘ఎఫల్జ్’ అను మాటకు సరియైన తెలుగు మాటను కోరినచో మేము ‘తేజరిల్లు’ అని చెప్పుదుము. అందును వెలుగు లోపలిదే. ‘రాణించు’ అనునది వేఱు. అదియు ప్రకాశించుటయే గాని, చదువులోనో పాటలోనో పేరు తెచ్చుకొన్నవానికి చెల్లును. ఆంగ్లమున ‘షైన్’ అనునది ఈ రెండు పనులను చేయుచున్నది. మనకు ఇద్దఱు పనివారు కలరు.

పక్కింటి మాటలు

మనము తమిళుల నడుమ తరతరములుగా నివసించుచున్నవారము. విజయనగర కాలమునుండియు నాయకుల కాలమునుండియు ఈ తొండైమండలమున తెలుగు కుటుంబములు నిలిచియున్నవి. 1639లో ఇంగ్లీషు వర్తకులకు చెన్నపట్టణపు స్థలము నిచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు తెలుగు ప్రభువే. కావున పక్కింటి మాటలను గూర్చియు కొంత చెప్పవలెను.

తమిళమున మెఱుపును ‘మిన్నల్’ అందురు. మన ‘మించు’, ‘మినుకు’ దాని తోబుట్టువులు. వారి ‘మిన్‌మిని’ మన మిణుగురు పురుగే. వారి ‘వెళిచ్చం’, కన్నడుల ‘బెళకు’, మన ‘వెలుగు’ వినుటకే చుట్టములని తెలియుచున్నది. మన ‘ధగధగ’ వారికి ‘తగతగ’. అంతయేల, మన ఊరి పేరే చూడుడు. తమిళుల తామరై, మన తామర ఒక్కటియే. ‘పాక్కం’ అనునది ఈ సీమలో ఊళ్ల పేర్ల చివర వచ్చుమాట. ఈ ఊరి పేరును పలుకుటకు తమిళునికిని తెలుగువానికిని నాలుక తిరుగనక్కరలేదు.

ఈ చుట్టరికమును తొలుత శాస్త్రీయముగా చాటినది మన చెన్నపట్టణమే. 1814లో వెలువడిన తన తెలుగు వ్యాకరణమున కేరీ దొర తెలుగును సంస్కృతజన్యమని చెప్పెను. 1816లో ఏ. డి. కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణము అచ్చుపడగా, దాని పీఠికకు చెన్నపట్టణపు కలెక్టరు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ దొర ఒక టిప్పణి చేర్చెను. తెలుగు, తమిళము, కన్నడము మొదలగువాని ధాతువులను ప్రక్కప్రక్కన నుంచి, ఇవి సంస్కృతమునుండి పుట్టినవి గావనియు, ఒక కుటుంబమువే యనియు అందు చూపెను. ఆ పనిలో ఆయనకు సెంట్ జార్జి కోట కళాశాలలోని తెలుగు పండితులు పట్టాభిరామశాస్త్రిగారు తయారుచేసిన ధాతుపట్టికయు, బందరు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికయు తోడ్పడినవి. కాల్డ్‌వెల్ పండితుని ప్రసిద్ధ గ్రంథము 1856లో, అనగా నలుబదియేండ్ల తరువాత గాని రాలేదు. ఎల్లిస్ చేసిన వాదమునకు ఆధారము నామవాచకములు గావు, ధాతువులు. నామములను ఎవరినుండి యైనను ఎరువు తెచ్చుకొనవచ్చును. ధాతువులు ఇంటివై యుండవలెను. ఏ భాష యే ఇంటిదని తేల్చుటకు క్రియయే సాక్షి యని దీనివలన తెలియుచున్నది.

తమిళులనుండి మనము నేర్చుకొనదగిన దొకటి కలదు. కరెంటు వచ్చినప్పుడు వారు ‘మిన్’ అను తమ పాత మాటను పనిలో పెట్టి ‘మిన్‌సారం’ అనిరి. కంప్యూటరు జాబులు వచ్చినప్పుడు ‘మిన్నంజల్’ అనిరి. మాట ముసలిదైనను క్రొత్త పని నిచ్చిరి. అందుచే అది నేటికిని పడుచుగా నున్నది. మనమో, ‘మించు’ అను మాటను పద్యములలో కూర్చుండబెట్టి ఊరకుంటిమి.

నిఘంటువుల సేవ

మాటలను కూడబెట్టిన మహనీయులకు మనము ఋణపడియున్నాము. కాంప్‌బెల్ నిఘంటువు 1821లో వచ్చినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, 1820లో కడపలో కొలువు చేరి, తెలుగు నేర్చి, ఆ భాషకే జీవితమును ధారవోసెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. ఆ పుటలలో మన రాజిల్లు, భాసిల్లు, తేజరిల్లు, వెలుగు అను మాటల కెదురుగా చూడుడు. మరల మరల ఆ ‘షైన్’ అను మాటయే కనబడును. మనకు పదిమంది పనివారున్న చోట ఆయనకు ఒక్కడు దొరకెను. 1884లో లండనులో కన్నుమూసిన ఆ దొర పేరును తెలుగువా డెవడును మఱువరాదు.

మనకు దగ్గఱివారిని గూర్చియు చెప్పుకొందము. బాలవ్యాకరణకర్త పరవస్తు చిన్నయసూరిగారు మన పొరుగున నున్న శ్రీపెరుంబూదూరు వారే. ఆయన నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. ఆయన శిష్యులు బహుజనపల్లి సీతారామాచార్యులవారు కూర్చిన శబ్దరత్నాకరము 1885లో వచ్చినది. తెలుగు వ్యాకరణమునకు దిక్కైన ఆయన పుట్టినది నేటి తమిళనాటనే యని మన పిల్లలలో నెందఱికి దెలియును?

అయినను ఒక మాట చెప్పక తప్పదు. నిఘంటువు ధాన్యపు కొట్టు వంటిది. కొట్టులో నిలువ యుండినంతమాత్రమున పంట పండినట్లు గాదు. ‘ఎఫల్జ్’ నేటికిని ఆంగ్ల నిఘంటువులలో నున్నది. ఎవ్వరును దానిని కొట్టివేయలేదు. కొట్టివేయ నక్కరలేకయే అది పోయినది.

గీతలు మారిన నేల

మన సీమకు సరిహద్దుల గీతలు చాల మారినవి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు తిరుత్తణి అందుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా తిరుత్తణి ఆ రాష్ట్రమునకు పోయినది. పటాస్కరుగారి తీర్పును బట్టి చేయబడిన 1959 నాటి చట్టముచే, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. దానికి మాఱుగా చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు గ్రామములు ఆంధ్రమునకు పోయినవి. 1888లో తిరుత్తణిలో తెలుగింట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు అప్పుడు ఉపరాష్ట్రపతి. 1997లో చెంగల్పట్టునుండి విడదీసి తిరువళ్లూరు జిల్లాను చేసిరి. తామరైపాక్కమున నున్న మేము ఎచ్చటికిని కదలలేదు. జిల్లా పేరు మాత్రము మారెను.

నీటికి ఈ గీతలు తెలియవు. నగరి యేరు చిత్తూరు సీమనుండి వచ్చి పూండి దగ్గఱ మన యేటిలో గలియును. ఆ యేటి నీటినే మన తామరైపాక్కపు ఆనకట్టకడ మళ్లించి, చోళవరము, రెడ్‌హిల్స్ చెఱువుల మీదుగా చెన్నపట్టణమునకు త్రాగునీరిచ్చిన పథకము 1872లో పూర్తియైనది. 1996లో కృష్ణా జలము కండలేరునుండి కాలువ మీదుగా పూండికి వచ్చినది. నీరు వచ్చుటకు కాలువ చాలెను. మాట వచ్చుటకు నోరు కావలెను.

2006లో చేయబడిన చట్టముచే ఈ రాష్ట్రపు బడులలో తమిళము మొదటి తరగతినుండి తప్పనిసరియై, ఏటికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాకుల పిల్లల కొఱకు న్యాయస్థానముల నాశ్రయించి కొంత వెసులుబాటు పొందినవారు కలరు. మేము ఆ వివాదములోనికి బోము. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. అది నేర్చుట మనకు లాభమే గాని నష్టము గాదు. మేము విన్నవింపదలచినది వేఱు. ఆ చట్టము రాకమునుపే మా ఇంట తెలుగు చదువు ఆగిపోయినది. దానికి ఎవ్వరిని నిందింతుము?

సిగ్గు విడిచి చెప్పుచున్నాము. మా కుమారుడు తెలుగు మాటాడును, చదువలేడు. వాడు చిన్నవాడై యుండగా మేము కచ్చేరినుండి రాత్రి యింటికి వచ్చెడివారము. ‘ఆంగ్లము వచ్చిన కొలువు దొరకును, తమిళము వచ్చిన ఊరిలో నెగ్గుకొని వచ్చును, తెలుగు ఇంట నుండనే యున్నది’ అనుకొంటిమి. ఇంట నున్నదానికి గురువెందుకని అక్షరములు దిద్దింపమైతిమి. సన్మానపత్రములలో ‘ఎఫల్జ్’ వంటి మాటలను వెదకుటకు మాకు తీరిక యుండెను గాని, కన్నకొడుకుచేత ‘అ ఆ’లు దిద్దించుటకు తీరిక లేకపోయెను. ఈ సంచిక అచ్చుపడి యింటికి వచ్చినప్పుడు, తండ్రి వ్రాసిన ఈ వ్యాసమును మా కుమారుడు చదువలేడు. ఎవరైనను చదివి వినిపింపవలెను. ఇది చదువుచున్న పెద్దలలో ననేకుల ఇండ్లలో ఇదే గతి యని మేమెఱుగుదుము.

ఏ మాట మొదట పోవును?

మా యింటి తెలుగును గమనింపగా మాకు కనబడిన సంగతి యిది. పెండ్లి, సీమంతము, తలంబ్రాలు, అప్పగింతలు, ఉగాదిపచ్చడి యను నామములు నిలిచియున్నవి. వానిని అపురూపముగా దాచుకొనుచున్నాము. క్రియలు జారిపోవుచున్నవి. ‘షైన్ అవుతుంది’, ‘క్లీన్ చేసినాను’, ‘వెయిట్ చేయి’ అని చెప్పుచున్నాము. ‘అవు’, ‘చేయు’ అను రెండు తెలుగు మాటలు మాత్రము బండెడు పరాయి పనులను మోయుచున్నవి. మన పెద్దలు సంస్కృతపు మాటకు ‘ఇల్లు’ ఇచ్చి తెలుగు చేసిరి. మనము ‘షైన్’ను వీధియరుగు మీదనే కూర్చుండబెట్టి, దాని కొఱకు ఇంటిలోని వెలుగును, మెఱుపును, తళుకును బయటికి పంపుచున్నాము. ‘ఎఫల్జ్’ పోయినప్పుడు ఆంగ్లేయులకు తమ యింటి ‘షైన్’ మిగిలెను. మన ‘వెలుగు’ పోయినచో మనకు మిగులునది ఎవరి యింటి మాట?

మన ఇండ్లలో దీపము ఆరినదని చెప్పము. ‘కొండెక్కినది’ అందుము. మన తమిళ సోదరులును ‘మలై యేరి విట్టదు’ అందురు. అశుభము పలుకరాదని పెద్దలు పెట్టిన మర్యాద యది. భాష విషయమున మాత్రము ఆ మర్యాద మనలను మోసగించుచున్నది. ‘ఇంట నున్నదిలే’ అనుకొనుచుండగనే అది కొండెక్కిపోవును.

కావున సంఘసభ్యులకు మా విన్నపము చిన్నది. సభలు, సన్మానములు జరుగవలసినవే. వానితోబాటు సందెవేళ దీపము పెట్టునప్పుడు పిల్లలచేత ఒక్క తెలుగు క్రియ పలికింపుడు. పుస్తకపు మాట వలదు, చేయుచున్న పనికి తగిన మాట చాలును. తోముట, ఒత్తి వేయుట, నూనె పోయుట, ఎగదోయుట, వెలిగించుట. ఒక్క దీపము చుట్టును ఎన్ని క్రియలున్నవో చూడుడు. పిమ్మట పలక మీద ఆ మాటను వ్రాయింపుడు. ఏడాది తిరుగునప్పటికి అక్షరములన్నియు వచ్చును. మేము ఈ విధముగా మొదలుపెట్టితిమి. మనుమడు వ్రాయుచుండగా మా కుమారుడును ప్రక్కన కూర్చుండి, మాకు తెలియకుండ వ్రేలితో గాలిలో దిద్దుచుండుట ఒకనాడు చూచితిమి. చూడనట్లే యూరకుంటిమి. మఱునాడు రెండవ పలక కొనితెచ్చి పెట్టితిమి.

ఆ ప్రశ్న యడిగిన కొలదిదినములకే కార్తిక దీపము వచ్చినది. మన యిండ్లలోను తమిళుల యిండ్లలోను గడపలకిరువైపుల ప్రమిదలు పెట్టిరి. మా మనుమడు ప్రమిదలలో నూనె పోసి, ఒత్తులు వేసి, తల్లిచేయి పట్టుకొని ఒక్కొక్కటిగా ముట్టించెను. చివరిదానిని ముట్టించి మా వైపు తిరిగి, “తాతా, అన్నీ వెలుగుతా ఉండాయి!” అనెను. తేజరిల్లు అనలేదు, రాజిల్లు అనలేదు. అవి తరువాత వచ్చును. మా యింట ఏ మాట చెప్పుదుమని వాడు అడిగిన ప్రశ్నకు వాడే బదులు చెప్పెను. ఆ మాట మన ఇండ్లన్నిటను నిలిచి, మన బిడ్డలు వర్ధిల్లుదురు గాక.